గుమ్మం ముందా? గోడ ముందా?

ఇల్లు కట్టేటప్పుడు గుమ్మం ముందు నిలబెట్టాలా, గోడ ముందు కట్టాలా? ఈ ప్రశ్న మన ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే నవ్వుతారు. గుమ్మమే ముందు. మంచిరోజు చూసి, ద్వారబంధానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, గడప కింద నవధాన్యాలు వేసి, కొబ్బరికాయ కొట్టి నిలబెట్టాకే దాని పక్కన ఇటుక పేరుస్తారు. ఇదే ప్రశ్న ఇవాళ హైదరాబాదులోనో పుణేలోనో ఇరవై అంతస్తుల అపార్టుమెంటు కడుతున్న సైట్ ఇంజనీరును అడగండి. ఆయనా నవ్వుతాడు. గోడే ముందు. ప్లాస్టరింగు, టైల్సు, మొదటి కోటు రంగు కూడా అయ్యాక ద్వారబంధమూ తలుపూ ఫ్యాక్టరీ నుంచి అట్టపెట్టెలో వస్తాయి. ఇద్దరు పనివాళ్లు పూటలో కొన్ని గుమ్మాలు బిగించి వెళ్లిపోతారు.

రెండు జవాబులూ వాటి వాటి కాలానికి సరైనవే. ఒకదాన్నుంచి రెండోదానికి మనం ఎలా వచ్చామన్నది ఈ వ్యాసం విషయం. నేను ఇంజనీరును కాను. బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయినవాడిని. అందులో కొన్నేళ్లు కంటోన్మెంట్లలో నిర్మాణ పనుల బిల్లులు చూడటమే నా పని. అందుకని గుమ్మాన్ని కూడా నేను లెక్కలవాడి కంటితోనే చూస్తాను. తేడా ఎక్కడ వచ్చింది, ఎవరి ఖాతాలో రాశారు అన్నదే నా ప్రశ్న.

గుమ్మం ఎందుకు ముందుండేది?

ముందు పాత పద్ధతికి న్యాయం చేద్దాం. మట్టిగోడ వరుసలు వరుసలుగా లేస్తుంది. ఒక వరుస వేసి, ఆరనిచ్చి, పైన ఇంకో వరుస వేస్తారు. సిమెంటు కాంక్రీటు లింటెల్ లేని రోజుల్లో తలుపు కోసం వదిలిన ఖాళీ మీద గోడ బరువు మోసేదెవరు? చాలా ఇళ్లలో ద్వారబంధం పైచెక్కే ఆ బరువు మోసేది. పైచెక్క, గడప కొసలు నిలువు చెక్కలను దాటి బయటికి పొడుచుకు వచ్చేవి. గోడ వాటి చుట్టూ లేచి వాటిని బిగపట్టేది. ఇనుప బందులు లేనిచోట తలుపు రెక్కలోనే పైనా కిందా మొలలు చెక్కి, అవి పైచెక్కలోనూ గడపలోనూ ఉన్న గుంటల్లో తిరిగేలా చేసేవారు. అంటే గోడ లేవకముందే తలుపు సరిగ్గా తిరుగుతోందో లేదో చూసుకోవాలి. తర్వాత సరిదిద్దే దారి లేదు.

ఇంకో ఉపయోగం కూడా ఉంది. తూకం గుండు పట్టి నిటారుగా నిలబెట్టిన గుమ్మమే తాపీ మేస్త్రికి కొలబద్ద. గోడ దాన్ని చూసుకుని లేస్తుంది. కాబట్టి గుమ్మం ముందు నిలబెట్టడం మూఢనమ్మకం కాదు, పక్కా నిర్మాణ శాస్త్రం. ఆ రోజు ఇంటిల్లిపాదీ దగ్గరుండటంలోనూ అర్థముంది. గుమ్మం వంకరగా నిలబడితే ఇల్లున్నంతకాలం వంకరే. అవసరం నుంచి జాగ్రత్త పుట్టింది. జాగ్రత్త చుట్టూ ముహూర్తం అల్లుకుంది. అవసరం తీరిపోయాక కూడా ముహూర్తం మిగిలిపోయింది. మన ఆచారాల్లో చాలావాటి చరిత్ర ఇంతే.

వరాహమిహిరుడు చూసింది, చెప్పింది

ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వాస్తువిద్యకు ఒక అధ్యాయం కేటాయించాడు. అందులో ద్వారబంధం కొలతలకు ఒక సూత్రం ఉంది. ద్వారం ఎత్తు ఎన్ని మూరలుంటే నిలువు చెక్కల మందం అన్ని అంగుళాలు ఉండాలి. గడపకూ పైచెక్కకూ దానికి ఒకటిన్నర రెట్లు. ఇక్కడ అంగుళం అంటే మన ఇంచి కాదు, వేలి వెడల్పు. 24 అంగుళాలు ఒక మూర. మూరను అడుగున్నర అనుకుంటే అంగుళం ముప్పావు ఇంచి. నాలుగు మూరల, అంటే ఆరడుగుల ద్వారానికి నిలువు చెక్క మందం మూడు ఇంచీలు, గడప నాలుగున్నర ఇంచీలు వస్తాయి. ఈనాటికీ మన వడ్రంగులు సింహద్వారానికి 5 ఇంచీలు, 3 ఇంచీల చెక్క వాడుతుంటారు. సూత్రం అనుభవం నుంచి వచ్చిందని వేరే చెప్పక్కర్లేదు.

అదే అధ్యాయంలో ఇంకో మాట కూడా ఉంది. తనంతట తాను తెరుచుకునే తలుపు ఉన్మాదం తెస్తుందట, తనంతట తాను మూసుకునేది వంశనాశనం చేస్తుందట. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆయన చూసింది నిజమే. కొన్ని తలుపులు ఎవరూ ముట్టకుండానే కదులుతాయి. ఎందుకు? తలుపు తిరిగే రెండు బిందువులు ఒకే నిలువు గీత మీద లేకపోతే రెక్క తన బరువుకు తాను కిందికి జారే వైపుకు తిరుగుతుంది. ద్వారబంధం ఒకవైపు ఒరిగితే తెరుచుకుంటుంది, ఇంకోవైపు ఒరిగితే మూసుకుంటుంది. ఒక దారానికి రాయి కట్టి వేలాడదీస్తే తేలిపోయే విషయం. కొలత దగ్గర అంత జాగ్రత్తగా ఉన్న గ్రంథం కారణం దగ్గరికి వచ్చేసరికి ఇంట్లోవాళ్ల పిచ్చి దాకా వెళ్లిపోయింది. తప్పు గుమ్మానిది, శిక్ష కుటుంబానికి!

నేటి వాస్తు పండితుల్లో చాలామంది ఈ రెండు మాటల్లో మొదటిదాన్ని వదిలేసి రెండోదాన్ని పట్టుకున్నారు.

శేషం లెక్క

కొలతల విషయంలో వాస్తు చేసే ఇంకో పని ఆయం చూడటం. బాగా వాడుకలో ఉన్న పద్ధతి ఇది. వైశాల్యాన్ని 9తో గుణించి 8తో భాగించాలి. శేషం 1 వస్తే ధ్వజాయం, 2 వస్తే ధూమాయం, 3 సింహాయం, 4 శ్వానాయం, ఇలా ఎనిమిది ఆయాలు. బేసి సంఖ్యలు శుభం, సరి సంఖ్యలు అశుభం అంటారు.

కామర్సు చదివినవాడికి ఇందులో రెండు విషయాలు వెంటనే తగులుతాయి. ఒకటి, 9తో గుణించడం వృథా శ్రమ. ఏ సంఖ్యకైనా తొమ్మిది రెట్లు అంటే ఎనిమిది రెట్లు, దానిపై ఇంకో రెట్టు. ఎనిమిది రెట్లు 8తో నిశ్శేషంగా పోతాయి. మిగిలేది అసలు సంఖ్యను 8తో భాగిస్తే వచ్చే శేషమే. కావాలంటే 21తో వేసి చూడండి. 21ని 8తో భాగిస్తే శేషం 5. 189ని 8తో భాగించినా శేషం 5. రెండోది, దీనికంటే ముఖ్యమైనది. వైశాల్యం 21 నుంచి 22కు మారితే శుభం కాస్తా అశుభం అవుతుంది. ఇంత చిన్న తేడాకు ఫలితం తారుమారయ్యే లెక్కలో కొలత ఎక్కడి నుంచి ఎక్కడికి తీసుకోవాలి? ఇటుక నుంచి ఇటుకకా, ప్లాస్టరు నుంచి ప్లాస్టరుకా? మేస్త్రి తాపీ కాస్త మందంగా పడితే ధ్వజం ధూమమైపోవాలా? ఈ శాస్త్రంలో పొరపాటుకు చోటు లేదు. ఎందుకంటే ఇక్కడ లెక్క తప్పిందని ఎవరూ ఎప్పుడూ పట్టుకోలేరు. నిజంగా తలుపు పట్టాల్సిన చోట మాత్రం తేడా వెంటనే తెలిసిపోతుంది.

గోడ మందం ఎంత?

ఆ తేడా ఎంతుంటుందో చూద్దాం. మనం తొమ్మిది ఇంచీల గోడ అంటాం. పాత ఇటుక పొడవు సుమారు 9 ఇంచీలు కాబట్టి ఆ పేరు. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి, 1962 నాటికి దేశం మెట్రిక్ పద్ధతికి మారాక, ప్రామాణిక ఇటుకగా 19, 9, 9 సెంటీమీటర్ల మాడ్యులర్ ఇటుక వచ్చింది. సున్నమో సిమెంటో ఒక సెంటీమీటరు కలిపితే 20, 10, 10. లెక్కకు ఎంతో సుఖం. కానీ బట్టీలవాళ్లు అందరూ మారలేదు. కొన్నిచోట్ల పాతది, కొన్నిచోట్ల కొత్తది వాడుకలో ఉండిపోయాయి. తర్వాత సిమెంటు బ్లాకులు, బూడిద ఇటుకలు, తేలిక ఏఏసీ బ్లాకులు వచ్చి చేరాయి.

ఒక చిన్న లెక్క వేద్దాం. గోడకు ఒకవైపు 12 మిల్లీమీటర్లు, ఇంకోవైపు 15 మిల్లీమీటర్లు ప్లాస్టరు అనుకుందాం. పాత ఇటుక గోడ 230కి 27 కలిపితే 257. మాడ్యులర్ ఇటుక గోడ 190కి 27 కలిపితే 217. రెండూ ఒక ఇటుక మందం గోడలే. తేడా 40 మిల్లీమీటర్లు, అంటే ఒకటిన్నర ఇంచికి పైనే. ఇది కాగితం మీది తేడా. మేస్త్రి చేతిలో ప్లాస్టరు ఒకచోట 12, ఇంకోచోట 20 పడటం మామూలే. కొత్త భవనాల్లో అల్యూమినియం అచ్చుల్లో పోసే కాంక్రీటు గోడలకు ప్లాస్టరే ఉండదు. ఇన్ని రకాల గోడలకు ఒకే వెడల్పు ద్వారబంధం ఎలా సరిపోతుంది?

పూర్వం ఈ సర్దుబాటు వడ్రంగి చేతిలో ఉండేది. ఆయన చిత్రిక, ఉలి, బాడిసలే ఆనాటి సర్దుబాటు యంత్రాలు. గోడను చూసి చెక్క చెక్కేవాడు. చాలకపోతే పట్టీ కొట్టేవాడు. ఒక ఇంటికి ఒక వడ్రంగి ఉన్నంతకాలం ఇది చక్కగా నడిచింది.

రెండు వందల క్వార్టర్లు, రెండు వందల ముహూర్తాలు?

క్వార్టర్లు వందల్లో కట్టాల్సి వచ్చినప్పుడు ఈ పద్ధతి ఆగిపోతుంది. నేను బిల్లులు చూసిన కాలంలో సర్కారు పనుల్లో టేకు తగ్గి, ఉక్కు రేకు వంచి చేసిన ద్వారబంధాలు ఎక్కువవుతున్నాయి. వీటికి ఐఎస్ 4351 అనే భారతీయ ప్రమాణం ఉంది. 1.25 మిల్లీమీటర్ల రేకు, బోలుగా ఉన్న లోపలి భాగంలో కాంక్రీటు నింపుతారు. 1993లో కేంద్ర ప్రజా పనుల శాఖ తన నిర్మాణాల్లో కలప వాడకాన్నే నిషేధించింది. 2020లో గానీ ఆ నిషేధం తొలగలేదు. ఆ మధ్యకాలమంతా ఉక్కుకూ ఇతర పదార్థాలకూ పెద్దపీట దక్కింది.

ఈ ఉక్కు బంధం పాతకాలపు గుమ్మంలాగే గోడతోపాటే నిలబడాలి. కానీ రెండు వందల క్వార్టర్లకు రెండు వందల ముహూర్తాలు ఎవరు పెడతారు? వరుసగా నిలబెట్టుకుంటూ పోయారు. అమావాస్య, అష్టమి, రాహుకాలం ఏదీ చూడలేదు. వాటిలో వేల కుటుంబాలు కాపురాలు చేశాయి. ఉన్మాదమూ రాలేదు, వంశాలూ నశించలేదు. ఇంతకంటే పెద్ద ప్రయోగం ఇంకేం కావాలి?

చిక్కు వేరేచోట వచ్చేది. రేకు ఒక కొలతకు వంచాక వంచినట్టే. నేను పనిచేసిన ఒక స్టేషనులో ద్వారబంధాలు ఒక ఇటుక కొలతకు వచ్చాయి, గోడలు ఇంకో ఇటుకతో లేచాయి. రెండింటి మధ్య మిగిలిన సందు పూడ్చడానికి అదనపు పని, దానికి అదనపు బిల్లు. గోడ తప్పని బంధాలు పంపినవాళ్లు, బంధాలు తప్పని గోడ కట్టినవాళ్లు. ఫైలు చాలాకాలం తిరిగింది. నిజానికి రెండూ వాటి వాటి కాగితాల ప్రకారం సరైనవే. రెండింటి మధ్య తేడా రావచ్చని మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

అదే శాఖల్లో ప్లాస్టరు కొలిచే నిబంధన చూడండి, ఎంత తెలివిగా ఉంటుందో. అర చదరపు మీటరు లోపు ఖాళీలకు కొలతలో తగ్గింపు ఉండదు. అర నుంచి మూడు చదరపు మీటర్ల దాకా, అంటే మామూలు తలుపులకు, ఒక ముఖానికే తగ్గిస్తారు. రెండో ముఖం తగ్గించనందుకు గుమ్మం పక్క గోడల ప్లాస్టరుకు విడిగా డబ్బివ్వరు. ప్రతి గుమ్మం దగ్గరా మిల్లీమీటర్లు కొలుస్తూ కూర్చుంటే పని సాగదని తెలిసినవాళ్లు రాసిన నియమం అది. తేడా ఉంటుందని ఒప్పుకుని, దానికి ముందే ఒక పద్దు కేటాయించారు. లెక్కల్లో చేసిన ఈ పనినే చెక్కలో చేస్తే ఏమవుతుంది?

గోడను ఒప్పుకునే గుమ్మం

ఆ పని ముందుగా ఐరోపాలోనూ అమెరికాలోనూ జరిగింది. అక్కడ కూలి ఖరీదు ఎక్కువ, గుమ్మం గుమ్మానికీ వడ్రంగిని కూర్చోబెట్టలేరు. అయితే వాళ్లు మొదట ప్రయత్నించింది గోడనే అదుపులో పెట్టడానికి. అమెరికాలో ఆల్బర్ట్ ఫార్వెల్ బెమిస్ అనే పారిశ్రామికవేత్త ఇంటి భాగాలన్నీ 4 ఇంచీల గుణిజాల్లో ఉండాలని ప్రతిపాదించాడు. 1936లో వచ్చిన ఆ సంపుటానికి ఆయన పెట్టిన పేరు, తెలుగులో చెప్పాలంటే, హేతుబద్ధమైన రూపకల్పన! జర్మనీలో ఎర్న్‌స్ట్ నాయ్‌ఫెర్ట్ 12.5 సెంటీమీటర్ల కొలత పట్టుకున్నాడు. ఎనిమిది కలిస్తే మీటరు. అక్కడి ఇటుక 24, 11.5 సెంటీమీటర్లు. ఒక సెంటీమీటరు అతుకు కలిపితే 25, 12.5. తలుపు ఖాళీ 88.5 సెంటీమీటర్లు ఉంటే అందులో పట్టే రెక్క 86 సెంటీమీటర్లు. ఖాళీ ఇంత, రెక్క ఇంత అని ప్రమాణాల్లోనే రాసి పెట్టుకున్నారు.

పొడవు వెడల్పుల సంగతి అలా తేలింది. గోడ మందం మాత్రం లొంగలేదు. ప్లాస్టరు చేతిపని, చేతిపనిలో తేడా తప్పదు. అప్పుడు గోడను తిట్టడం మానేసి ద్వారబంధాన్నే రెండు ముక్కలు చేశారు. పద్ధతి చాలా సులువు. ఒక ముక్కకు బందులు, తలుపు ఆనే మెట్టు, ఒకవైపు అంచుపట్టీ ఉంటాయి. దాని అవతలి అంచులో పొడవునా గాడి ఉంటుంది. రెండో ముక్క ఇంకోవైపు అంచుపట్టీ. దానికున్న నాలుక ఆ గాడిలోకి దూరుతుంది. గోడ సన్నంగా ఉంటే లోపలికంటా, మందంగా ఉంటే కాస్త బయటికి. అగ్గిపెట్టె అరను జరిపినట్టే. సాధారణంగా ఒకటిన్నర సెంటీమీటరు దాకా ఈ సర్దుబాటు దొరుకుతుంది. అంతకు మించిన తేడాకు ఇంకో వెడల్పు బంధం తీసుకోవాలి.

ఇలాంటి బంధాలు కొన్నేళ్లుగా మన నగరాల్లోనూ మామూలయ్యాయి. ఇల్లు కట్టుకునేవాళ్లకు పనికొస్తాయని, బిగించే క్రమం తెలిసినంత రాస్తున్నాను.

1. గోడ ఖాళీ వెడల్పు కింద, మధ్య, పైన మూడుచోట్ల కొలవాలి. అన్నిటికంటే తక్కువ కొలతనే లెక్కలోకి తీసుకోవాలి. గోడ మందం రెండు పక్కలా మూడేసిచోట్లా, పైనా కొలవాలి. ఇక్కడ మాత్రం అన్నిటికంటే ఎక్కువ కొలత తీసుకోవాలి. చాలామంది ఈ రెండింటినీ తారుమారు చేస్తారు.

2. టైల్సు పడ్డాక, నేల ఖరారయ్యాకే ఎత్తు కొలవాలి.

3. బంధానికీ గోడకూ మధ్య ప్రతి పక్కా సెంటీమీటరు, సెంటీమీటరున్నర సందు ఉండాలి. ఆ సందే ఈ మొత్తం పద్ధతికి ప్రాణం. వంకర గోడలో నిటారు గుమ్మం నిలబడేది ఆ సందు వల్లే.

4. బందులున్న పక్కను ముందు నిలబెట్టి తూకం గుండుతోనో రసమట్టంతోనో రెండు వైపుల నుంచీ చూడాలి. బందుల వెనక చెక్క చీలికలు జంటగా, ఎదురెదురుగా దూర్చి బిగించాలి. బరువైన తలుపైతే అక్కడ గోడలోకి స్క్రూలు దిగాల్సిందే.

5. రెండు నిలువు ముక్కల మధ్య అడ్డకర్రలు పెట్టాకే సందులో నురగ నింపాలి. నురగ ఉబ్బుతుంది. అడ్డకర్ర లేకపోతే బంధం లోపలికి వంగి తలుపు పట్టదు. నిప్పును ఆపే తలుపులకైతే ఏ పదార్థంతో పరీక్షించారో దానితోనే నింపాలి.

6. తలుపు చుట్టూ సుమారు 3 మిల్లీమీటర్ల సమానమైన సందు ఉందో లేదో చూసి, సగం తెరిచి వదిలేయాలి. వదిలినచోటే నిలబడితే గుమ్మం నిటారుగా ఉన్నట్టు. చివరగా రెండో అంచుపట్టీని గాడిలోకి నెట్టాలి.

ఆరో అంశం చూశారా? వరాహమిహిరుణ్ణి భయపెట్టిన తలుపే ఇక్కడ పరీక్ష పరికరం.

గుమ్మం చివర రావడంలో ఇంకో లాభముంది. పాత పద్ధతిలో చెక్క నెలల తరబడి గోడకు పోసే నీళ్లు తాగి ఉబ్బేది, వంగేది, చెద పట్టేది. ఇప్పుడు ఆ తడి అంతా ఆరాక వస్తుంది.

ఇంతకీ ఎవరికి నష్టం?

వాస్తు ప్రకారం గుమ్మం పెట్టుకుంటే ఎవరికి నష్టమండీ, వాళ్ల ఇల్లు, వాళ్ల డబ్బు అని మిత్రులు అంటుంటారు. నష్టం ఎవరికో చెబుతాను. కొన్నేళ్ల కిందట మేం అద్దెకున్న ఫ్లాటులో మా అత్తగారికి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే జరిగింది. చక్రాల కుర్చీలో ఇంటికి తెచ్చాం. కుర్చీ బాత్రూము గుమ్మంలో పట్టలేదు. బయటి కొలత రెండున్నర అడుగులు, రెండు పక్కల చెక్కలూ తెరిచిన రెక్క మందమూ పోను మిగిలింది 25 ఇంచీలు కూడా లేదు. ఇంటాయనను అడిగితే, మొదట అక్కడ మూడడుగుల గుమ్మమే అనుకున్నారట, ఎవరో కొలత కలవలేదంటే తగ్గించారట. పడగ్గదికీ బాత్రూముకూ మధ్య ఆ ఆరు ఇంచీల కోసం ఆవిడను మూడు నెలలపాటు రోజుకు నాలుగైదుసార్లు ఇద్దరు పట్టుకుని ఎత్తాల్సి వచ్చింది. ఆవిడకు నొప్పి కంటే సిగ్గు ఎక్కువ బాధించింది. మన జాతీయ భవన నిర్మాణ స్మృతి వికలాంగులకు అనువైన తలుపుకు 900 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలంటుంది. ఆ అంకె పంచాంగం చూసి రాయలేదు, కుర్చీలను, మనుషుల మోచేతులను కొలిచి రాశారు.

ఇంకో నష్టం వడ్రంగిది. ఫ్యాక్టరీ బంధం వచ్చాక ఆయన పని తగ్గింది, ఇది దాచాల్సింది కాదు. కానీ గోడ ఎక్కడ వంకరుందో చూసి గుమ్మాన్ని నిటారుగా నిలబెట్టే నేర్పు అట్టపెట్టెలో రాదు. బిగించేవాడు చెయ్యి తిరిగినవాడైతేనే ఆ గాడీ, ఆ నాలుకా పనిచేస్తాయి. ఆ నేర్పుకు తగిన కూలి ఇవ్వడం మన బాధ్యత. ముహూర్తం పెట్టినవారికి ఇచ్చే సంభావనతో పోల్చి చూసుకోండి.

గుమ్మానికి పసుపు రాయొద్దని నేను అనను. అందంగా ఉంటుంది. మామిడాకులూ కట్టుకోండి. కొత్త ఫ్లాట్లలో గుమ్మాలు చివరికి బిగిస్తున్నారు కాబట్టి ముహూర్తం ఇప్పుడెప్పుడు పెట్టాలని పురోహితులనే అడుగుతున్నారట జనం. గోడ కంటే ముందు నిలబెట్టాల్సిన ఆ గుమ్మం గోడ తర్వాత వచ్చినా ఇంటికి ఏమీ కాలేదంటే, ఆ ముందూ వెనకల్లో ఉన్నది శుభాశుభం కాదు, బరువు మోసే చెక్క మాత్రమేనని తెలియడం లేదా?

తలుపు పట్టకపోతే శాంతి చేయించకండి. దారానికి రాయి కట్టి వేలాడదీసి చూడండి. తప్పు ఎంతో, ఎటువైపో అదే చెబుతుంది.